చేపల చెఱువులకు మేలైన విత్తనము
(గోదావరి డెల్టా రైతుల కొఱకు ఉపన్యాసము)



గోదావరి డెల్టాలో విత్తనము విలువను రైతునకు క్రొత్తగా బోధింప నక్కఱలేదు. ధవళేశ్వరము వద్ద ఆనకట్ట 1852 లో పూర్తియైన పిమ్మట కాలువ నీరు పొలములకు వచ్చినది. నీరు ఒక్కటే, నేల ఒక్కటే, ఎరువు ఒక్కటే అయినను ఒక మడిలో గింజ నిండుగాను, ప్రక్క మడిలో తాలుగాను పండుటకు తఱచు విత్తనమే కారణమని రైతులు తమ అనుభవమున నెఱుగుదురు. 1925 లో మార్టేరున వరి పరిశోధన స్థానము నెలకొల్పబడినది. అచ్చటినుండి 1982 లో వెలువడిన ఎం.టి.యు. 7029, అనగా స్వర్ణ రకము, ఈ డెల్టాలోనే గాక ఇతర రాష్ట్రములలోను రైతులకు పరిచితమైనది. పశువుల విషయమునను ఇంతే. ఊరి మందకు మేలుజాతి ఆబోతును ఎంచి విడుచుట పూర్వమునుండియు ఉన్న ఆచారమే.

అట్టి రైతే వరి మడిని త్రవ్వి చేపల చెఱువు చేసిన పిమ్మట మాత్రము విత్తనపు వంశమును విచారించుట మఱచినాడు. పిల్ల ధర యెంత అని యడుగును. పిల్ల చుఱుకుగా నున్నదా, దారిలో చచ్చినదెంత అని చూచును. ఈ పిల్లలు ఏ తల్లిచేపలకు పుట్టినవి, ఆ తల్లిచేపలను ఎవరు ఏ విధముగా ఏరిరి అని మాత్రము అడుగడు. ఈ యొక్క ప్రశ్న అడుగకపోవుటవలన కలుగు నష్టమెట్టిదో, అడిగినయెడల కలుగు లాభమెట్టిదో తెలుపుటయే ఈ ఉపన్యాసముయొక్క ఉద్దేశము.

మేతయే పెద్ద పద్దు

ఆకివీడు, ఉండి, భీమవరము, కైకలూరు ప్రాంతములందు 1980 వ దశకమునుండి చేపల సాగు విశేషముగా వ్యాపించినది. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ నేడు దేశమున మొదటి స్థానమున నున్నది. ఈ చెఱువులలో ఎక్కువ భాగము శీలావతి చేప. దీనినే రోహు అనియు, కొన్నిచోట్ల రాగండి అనియు అందురు. దానితో కొంత బొచ్చెను, అనగా కట్లను, కలిపి వదలుదురు. ముఖ్యమైన మేత నూనె తీసిన తవుడు. దానికి వేరుశనగ చెక్కయో, పత్తిగింజల చెక్కయో కొంత చేర్చుదురు. సంచులకు కన్నములు చేసి, మేత నింపి, చెఱువులో వరుసగా పాతిన గెడలకు కట్టుదురు. చేప వచ్చి కన్నమువద్ద మూతి పెట్టి తినును.

కౌలు, పిల్ల, ఎరువు, కూలి, నీటి యంత్రము, మందులు, పట్టుబడి ఖర్చు అన్నియు వ్రాసిచూచినను, జమాఖర్చులో మేత ఒక్కటే సగమునకు మించుట సాధారణము. మేత అరువుగా తెచ్చుకొన్న రైతునకు పట్టుబడినాడు వచ్చిన సొమ్ము ముందుగా మేత వర్తకుని పద్దుకే జమయగును. తవుడు ధర రైతు చేతిలో లేదు. చేప ధరయును రైతు చేతిలో లేదు. రైతు చేతిలో నున్నదెల్ల, వేసిన మేతలో ఎంత భాగము చేప మాంసముగా మారుచున్నదో చూచుకొనుటయే.

మేత లెక్క

ఈ లెక్క సులభము. పట్టుబడిలో వచ్చిన చేపల తూకమునుండి, మొదట వదలిన పిల్లల తూకమును తీసివేయవలెను. మిగిలినది చెఱువులో పెరిగిన తూకము. వేసిన మేత కిలోలను ఈ తూకముచే భాగించినచో, కిలో చేప పెరుగుటకు ఎన్ని కిలోల మేత పట్టెనో తేలును. మేత కంపెనీలవారు ఎఫ్.సి.ఆర్. అని చెప్పునది ఇదియే. అంకె తగ్గినకొలది రైతునకు లాభము.

ఉదాహరణమునకు, నాలుగు ఎకరముల చెఱువులో 13,000 కిలోల చేప పట్టబడినదనుకొందము. వదలిన పిల్లల తూకము 1,000 కిలోలు. పెరిగినది 12,000 కిలోలు. వేసిన మేత 30,000 కిలోలైనచో నిష్పత్తి 2.5 అగును. అదే చెఱువులో ఆ నిష్పత్తి 2.2 అయినచో 26,400 కిలోలు చాలును. మిగిలిన మేత 3,600 కిలోలు, అనగా 50 కిలోల సంచులు 72. ఈ 72 సంచుల ధరను ప్రతి రైతు తన ఊరి ధర ప్రకారము తానే కట్టి చూచుకొనవలెను. చూపునకు స్వల్పమైన మూడు దశాంశముల తేడాలో ఇంత సొమ్మున్నది.

ఈ నిష్పత్తి నీటి గుణమునుబట్టియు, మేత నాణ్యమునుబట్టియు, వేయు వేళనుబట్టియు మాఱును. ఇవన్నియు రైతులు కొంతవఱకు ఎఱిగినవే. చేప వంశమునుబట్టి కూడ మాఱుననునది మాత్రము పెక్కురు గమనింపని విషయము.

వంశమునుబట్టి మేత ఖర్చు మాఱుట యెట్లు

చేప తిన్న మేతలో మొదటి భాగము ప్రాణము నిలుపుకొనుటకే పోవును. ఊపిరి పీల్చుటకు, ఈదుటకు, దేహమును కాపాడుకొనుటకు అది ఖర్చగును. అటుపైన మిగిలినదే కండగా మాఱును. పని లేక కొట్టములో నిలిచిన ఎద్దు కూడ గడ్డి తినుట మానదుగదా! అట్లే పెరుగుదల మందగించిన చేప చెఱువులో నున్నన్ని దినములును తన బ్రతుకు కొఱకు మేత తినుచునే యుండును. కిలో తూకమునకు పండ్రెండు నెలలలో వచ్చు చేపకును, పది నెలలలో వచ్చు చేపకును నడుమ రెండు నెలల బ్రతుకు ఖర్చు తేడా కలదు. కావున వేగముగా పెరుగు వంశము సాధారణముగా మేతను పొదుపుగా వాడుకొనును.

అయినను ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. వేగముగా పెరుగు చేపలలో కొన్ని కేవలము ఎక్కువ తినుటచేతనే పెరుగును. కొన్ని తిన్నదానిని మేలుగా కండగా మార్చుకొని పెరుగును. పెరుగుదలను చూచి ఏరినపుడు ఈ రెండు విధముల చేపలును ఏరబడును. అందువలన పెరుగుదల ఎంత హెచ్చినదో మేత ఖర్చు అంతయు తగ్గునని తలపరాదు. నార్వే దేశమున సాల్మన్ చేపల విషయమై జరిగిన పరీక్షలో, ఐదు తరములు ఏరిన చేపలను ఏటి చేపలతో పోల్చిచూడగా, పెరుగుదల రెట్టింపును మించెను. కిలోకు పట్టు మేత మాత్రము సుమారు ఐదవ వంతు తగ్గెను. ఐదవ వంతు మేత తగ్గుట కూడ స్వల్ప విషయము కాదు.

ఏరుట యనగా నేమి

పెద్దదిగా కనబడిన చేపను పట్టి తల్లిచేపగా నుంచుటయే ఏరుట యని కొందఱు తలతురు. అది చాలదు. ఒక చేప పెద్దదగుటకు ముందుగా పుట్టుటయో, మేత సంచికి దగ్గఱగా నుండుటయో కారణము కావచ్చును. వంశముచేత పెద్దదైనదేది, అదృష్టముచేత పెద్దదైనదేది అని తెలియవలెనన్నచో కుటుంబముల లెక్క ఉండవలెను.

శీలావతి విషయమున ఈ పని ఒడిషా రాష్ట్రమున భువనేశ్వరమునకు సమీపమునగల కౌసల్యాగంగలోని కేంద్రీయ మంచినీటి జలజీవుల పరిశోధన సంస్థవారు 1992 లో ఆరంభించిరి. నార్వే దేశపు ఆక్వాఫోర్స్క్ సంస్థవారు ఇందు సహకరించిరి. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదులనుండి శీలావతి చేపలను తెచ్చి, తమ క్షేత్రములోని చేపలతో చేర్చి మూలధనముగా నుంచుకొనిరి. పలు నదులనుండి తెచ్చుటకు కారణమేమనగా, వంశ వైవిధ్యము లేనిచోట ఏరుటకు మేలైనది దొరకదు.

పిమ్మట జరిగిన పని ఈ క్రమమున నుండును. ఒక్కొక్క జంటకు పుట్టిన పిల్లలను కలిసిపోకుండ వేఱువేఱు చిన్న చెఱువులలో పెంచుదురు. కొంచెము పెరిగిన తరువాత, బియ్యపుగింజకంటె కొద్దిగా పెద్దదైన గుర్తు నొకదానిని ప్రతి పిల్ల దేహములోనికి ఎక్కింతురు. యంత్రమును దగ్గఱగా పట్టినంతనే ఆ గుర్తు సంఖ్యను చూపును. ఇక అన్ని కుటుంబముల పిల్లలను ఒకే చెఱువులో కలిపి పెంచుదురు. అందఱికిని ఒకే నీరు, ఒకే మేత లభించుటచే పక్షపాతమునకు తావుండదు. పట్టినపుడు ప్రతి చేపను తూచి, అది ఏ కుటుంబమునకు చెందినదో చూచి, మేలైన కుటుంబములలోని మేలైన చేపలను మఱుసటి తరమునకు తల్లిదండ్రులుగా నుంతురు. తోబుట్టువులను మాత్రము జతపఱుపరు. సామాన్య చేపల గుంపు నొకదానిని పోల్చుట కొఱకు వేఱుగా నుంతురు.

శీలావతి గ్రుడ్లకు వచ్చుటకు సుమారు రెండేండ్లు పట్టును గనుక, ఈ పని వరివలె ఏటేట సాగునది కాదు. ఓపిక కావలెను. ఆ ఓపికకు ఫలముగా తరమునకు సగటున సుమారు 17 శాతము చొప్పున పెరుగుదల హెచ్చినది. దేశ స్వాతంత్ర్యమునకు 50 ఏండ్లు నిండిన 1997 లో ఈ వంశము విడుదల చేయబడి, ఆ స్వర్ణోత్సవమును పురస్కరించుకొని జయంతి రోహు అను పేరు పొందినది. అటుపిమ్మట అదే సంస్థవారు కట్లలోను ఈ పని చేసి అమృత్ కట్ల అను పేరుతో వెలువరించిరి.

ఇట్టి పని ఇతర దేశములలోను జరిగినది. తిలాపియా చేప విషయమున ఫిలిప్పీన్స్ దేశమున 1988 లో ఆరంభమైన ప్రయత్నము గిఫ్ట్ అను వంశమునకు కారణమైనది. ఇందుకై ఈజిప్టు, ఘనా, కెన్యా, సెనెగల్ అను నాలుగు ఆఫ్రికా దేశములనుండి చేపలను తెచ్చిరి. ఏ దేశమునందైనను సూత్రమొక్కటే: పలుచోట్ల మూలములు, కుటుంబముల లెక్క, సమానమైన పోటీ, తోబుట్టువులను కలుపకుండుట.

మేతను సూటిగా కొలుచుట

పెరుగుదలను గాక మేత పొదుపునే చూచి ఏల ఏరరాదు అని బుద్ధిమంతుడైన రైతు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనది. గేదెకు ఎంత దాణా వేసినదియు యజమానుడు ఎఱుగును. చెఱువులో వేలకొలది చేపలు కలిసి తినునపుడు, ఏ చేప ఎంత తినెనో ఎవ్వరు చెప్పగలరు?

శాస్త్రజ్ఞులు దీనికై పలు ఉపాయములు పన్నిరి. మేతలో కంటికి ఆనని గాజుపూసలు కలిపి, చేప తిన్న పిదప ఎక్స్‌రే చిత్రము తీసి, కడుపులోని పూసలను లెక్కించుట ఒకటి. తిలాపియా పిల్లలకు రంగు గుర్తులు కట్టి, గాజు తొట్లలో నుంచి, మేత గుళికలను ఒక్కొక్కటిగా వేయుచు, ఏ పిల్ల ఎన్ని గుళికలు తినెనో చలనచిత్రములో చూచి లెక్కించుట మఱియొకటి. ఈ పరీక్షలవలన మేతను మేలుగా వాడుకొను గుణము కూడ కొంతవఱకు తల్లిదండ్రులనుండి పిల్లలకు సంక్రమించునని తేలినది. అనగా దానిని ఏరుటకు వీలు కలదు. అయినను ఇది శ్రమయు, వ్యయమును మిక్కిలిగా గల పని. రైతు చెఱువులో చేయదగినది కాదు. కావున పెరుగుదలను ఏరి, దానివెంట వచ్చు మేత పొదుపును పొందుటయే నేటికి రైతునకు అందుబాటులోనున్న మార్గము.

తెలియక జరుగు వెనుకబాటు

మంచి వంశము తెచ్చుకొనుట ఒక యెత్తు. ఉన్న వంశమును చెడగొట్టుకొనకుండుట మఱియొక యెత్తు. 1957 జూలై 10 న ఒడిషాలోని అంగుల్ అను చోట హీరాలాల్ చౌధురిగారు పిట్యూటరీ గ్రంథి రసముతో మన పెంపుడు చేపలచే చెఱువు నీటిలోనే గ్రుడ్లు పెట్టించిరి. అంతకు పూర్వము పిల్లకై నదులపై ఆధారపడవలసి యుండెను. నదిలో వేలకొలది చేపలు కలిసి గ్రుడ్లు పెట్టును గనుక వంశములు తమంతట తామే కలిసెడివి. హేచరీలో అట్లు కాదు. కొద్దిపాటి తల్లిచేపలతోనే లక్షలకొలది పిల్లలు పుట్టవచ్చును. ఆ పిల్లలలోనే మరల తల్లిచేపలను ఉంచుకొని, బయటినుండి క్రొత్త చేపలను తేకున్నచో, అన్నదమ్ములు అప్పచెల్లెండ్రు జతపడి వంశము క్షీణించును. కర్ణాటకలోని హేచరీలను పరిశీలించి 1990 లో ప్రకటింపబడిన వ్యాసమున, ఈ విధమైన దగ్గఱి సంపర్కము తరమునకు 2 నుండి 17 శాతమువఱకు హెచ్చుచున్నదని అంచనా వేయబడినది.

ఇంకను పెద్ద తప్పు వేఱొకటి కలదు. బజారులో పెద్ద చేపకు మంచి ధర వచ్చునని దానిని అమ్మివేసి, అమ్ముడుపోక మిగిలిన చిన్న చేపలను తల్లిచేపలుగా నుంచుట. ఇదియు ఏరుటయే. కాని వెనుకకు ఏరుట. నిండు కంకులను తినివేసి తాలు గింజలను విత్తనమునకు దాచు రైతు ఎవ్వడైన నుండునా? చేపల విషయమున ఇట్లు జరిగినపుడు, ఆ నష్టము హేచరీలో కనబడదు. ఏడాది తరువాత రైతు మేత పద్దులో కనబడును. అప్పుడు రైతు తవుడు కల్తీయని తలచును, నీటిని నిందించును, మందులు కొనును. విత్తనమును మాత్రము అనుమానింపడు.

రైతులు చేయవలసిన పనులు

1. పిల్ల కొనునపుడు తల్లిచేపల వివరము అడుగవలెను. అవి ఎచ్చటినుండి తేబడినవి, ఏ సంవత్సరమున మార్చబడినవి, ఎన్ని జంటలనుండి ఈ పిల్ల వచ్చినది అను మూడు ప్రశ్నలు చాలును. జయంతి యను పేరు చెప్పినంత మాత్రమున నమ్మరాదు. పరిశోధన సంస్థనుండిగాని, ప్రభుత్వ మత్స్యశాఖ ద్వారాగాని తెచ్చిన దాఖలా చూపుమని కోరవలెను.

2. ఒక్కసారిగా చెఱువులన్నిటిలోను క్రొత్త విత్తనము వేయనక్కఱలేదు. సమానమైన రెండు చెఱువులు గల రైతు ఒకదానిలో క్రొత్త పిల్లను, రెండవదానిలో వాడుక పిల్లను, ఒకే తూకము, ఒకే సంఖ్య, ఒకే దినమున వదలి, మేత లెక్క వేఱువేఱుగా వ్రాసి చూడవలెను. ఏడాది పిల్లకును, చిన్న పిల్లకును పోటీ పెట్టినచో ఆ పరీక్ష చెల్లదు.

3. ఒక్కటే చెఱువు గల రైతు కొన్ని వందల పిల్లలకు గుర్తుగా పొట్ట రెక్క నొకదానిని మొదటికంట కత్తిరించి, రెండు విధముల పిల్లలను కలిపి పెంచవచ్చును. క్రొత్త పిల్లకు కుడి రెక్క, వాడుక పిల్లకు ఎడమ రెక్క. దీనివలన పెరుగుదలలోని తేడా తెలియును. అందఱును ఒకే మేత తినుటచే మేత తేడా మాత్రము తెలియదని గుర్తుంచుకొనవలెను.

4. ప్రతి సంచి లెక్కయు పుస్తకములో వ్రాయవలెను. నెలకొకసారి వల విసరి, కొన్ని చేపలను తూచి, సగటు కట్టవలెను. మేతను చేప తూకమునుబట్టి మార్చవలెను. సాయంత్రము సంచులలో మేత మిగిలియున్నచో మఱుసటి దినము తగ్గింపవలెను. మబ్బు పట్టిన దినములలోను, తెల్లవాఱుజామున చేపలు నీటిపైకి వచ్చి నోరు తెఱచు దినములలోను మేత తగ్గించుటయో, మానుటయో చేయవలెను. ప్రాణవాయువు లేని నీటిలో ఎంత గొప్ప వంశమైనను మేతను వ్యర్థముచేయును.

5. సొంతముగా పిల్ల తీయు రైతులు తల్లిచేపలను పట్టుబడికి ముందే ఏరి వేఱు చెఱువులో నుంచవలెను. మిగిలినవానిని కాదు, మేలైనవానిని ఉంచవలెను. తల్లిచేపల సంఖ్యను తగ్గనీయరాదు. దూరపు హేచరీలతో మగచేపలను మార్చుకొనుచుండవలెను. శీలావతిని, కట్లను ఒకే తొట్టిలో కలిపి గ్రుడ్లు పెట్టింపరాదు. పుట్టిన సంకర పిల్లలు చిన్నతనమున గుర్తుపట్టరాక తల్లిచేపల చెఱువులోనికే చేరి రెండు వంశములను చెఱచును.

6. ఏరిన వంశపు చేపలను కాలువలలోనికిగాని, గోదావరి పాయలలోనికిగాని వదలరాదు. వఱదకు గట్లు తెగకుండ జాగ్రత్తపడవలెను. నదులలోని చేపలు రాబోవు ఏఱివేతలకు విత్తన భాండాగారము. జయంతి రోహు పుట్టినది నదుల చేపలనుండియే కదా!

ఈ పనులలో ఒక్క రైతు చేయగలిగినవి కొన్ని, పదిమంది కలిసిననే జరుగునవి కొన్ని. ఒక గ్రామమున చెఱువులు గల రైతులందఱు కలిసి ఒకే హేచరీని తల్లిచేపల పుస్తకము చూపుమని అడిగినయెడల, ఆ హేచరీ యజమానుడు ఆ పుస్తకమును ఉంచక తీఱదు. రైతు అడుగనంతకాలము మేలైన తల్లిచేపలపై సొమ్ము వెచ్చించు యజమానునకును, వెచ్చింపని యజమానునకును ధరలో భేదముండదు. భేదము లేనిచోట మంచి విత్తనము నిలువదు. కావున రైతులు రాబోవు సారి పిల్లకు బయలుదేరుటకు ముందు, గడచిన పట్టుబడియొక్క మేత నిష్పత్తిని కట్టి, ఆ కాగితమును వెంట తీసికొనిపోయి, తల్లిచేపల వివరము అడిగిన పిమ్మటనే ధర మాటాడవలెను.